కణం కాలూనే చోటు – రెండు గ్రూపులూ కలిసి చదవాల్సిన పాఠం

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని మన హాస్టల్ చెల్లెళ్లు ఫోన్ చేశారు. "కవిత అయినా ఫర్వాలేదు అక్కా" అన్నారు. కవితలు బాగా రాసేవాళ్లు మన హాస్టల్లో ఎప్పుడూ ఉంటారు. నేను కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ చేసినదాన్ని. మా ఇంట్లో డిగ్రీ గడప తొక్కిన మొదటి మనిషిని. అందుకని నాకు తెలిసిన ఒక విషయం గురించి, దాని మీద నాకున్న ఒక గట్టి అభిప్రాయం గురించి రాస్తున్నాను.

విషయం ఇది. జీవకణాలు ఏ వస్తువుకు అతుక్కోవాలో, దేనికి అతుక్కోకూడదో కంటికి కనపడనంత పల్చని పాలిమర్ పూతతో నిర్ణయించవచ్చు. ఇక అభిప్రాయం. ఇంటర్లో చేరిన రోజే మనల్ని ఎంపీసీ అని, బైపీసీ అని విడదీసి మధ్యలో ఒక గోడ కడుతున్నారు. ఆ గోడ వల్ల ఎక్కువ నష్టపోయేది మనలాంటి ఇళ్ల నుంచి వచ్చినవాళ్లే. దాన్ని ముందుగా పడగొట్టగలిగేది యూనివర్సిటీ కాదు, మన హాస్టల్ గది. ఈ మాట ఎందుకంటున్నానో చెప్పాలంటే ముందు ఆ పూతల సంగతి వివరంగా చెప్పాలి. కాస్త ఓపిగ్గా చదవండి.

ఇల్లు లేని కణం

మన రక్తంలోని కణాలు ఈదుతూ బతుకుతాయి. చర్మంలో, కాలేయంలో, రక్తనాళాల లోపలి పొరలో ఉండే కణాలు అలా కాదు. అవి దేన్నో ఒకదాన్ని పట్టుకుని ఉండాలి. పట్టు దొరికితే పరుచుకుంటాయి. పరుచుకుంటే విభజన చెంది పెరుగుతాయి. ఆ పట్టు ఊడదీస్తే చాలా రకాల కణాలు తమంతట తామే చచ్చిపోతాయి. 1994లో ఫ్రిష్, ఫ్రాన్సిస్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఇలాంటి చావుకు 'అనోయికిస్' అని పేరు పెట్టారు. గ్రీకు భాషలో ఆ మాటకు ఇల్లు లేకపోవడం అని అర్థం. క్యాన్సర్ కణాల్లో చాలావాటికి ఈ కట్టుబాటు ఉండదు. ఉన్నచోటు నుంచి ఊడినా చావకుండా రక్తంలో ప్రయాణించి ఇంకో అవయవంలో దిగుతాయి. జబ్బు ఒంట్లో ఒకచోటి నుంచి మరోచోటికి పాకడంలో ఇది ఒక మెట్టు.

అంటే అతుక్కోవడం, అతుక్కోకపోవడం అనేది కణానికి చావుబతుకుల సంగతి. వైద్యంలో మనం శరీరంలోకి ఎన్నో వస్తువులు పంపుతాం. విరిగిన ఎముకలో పెట్టే లోహానికి ఎముక కణాలు గట్టిగా అతుక్కోవాలి. కంటికి పెట్టుకునే కాంటాక్ట్ లెన్సుకు ఏ కణమూ అతుక్కోకూడదు. మూత్రం పోవడానికి వేసే గొట్టానికి బాక్టీరియా అతుక్కుంటే అక్కడే కాపురం పెట్టి ఇన్ఫెక్షన్ తెస్తుంది. గుండె రక్తనాళంలో పెట్టే స్టెంటు మీద ఒక రకం కణం రావాలి, ఇంకో రకం కణం అతిగా పెరగకూడదు. ఒక్కో వస్తువుకు ఒక్కో అవసరం. వస్తువు మొత్తాన్ని మార్చకుండా దాని పై పొరను మాత్రమే మార్చి ఈ అవసరాలు తీర్చడమే పూతల పని.

ముందుగా వచ్చి కూర్చునేది ప్రోటీన్

ఇంటర్ రెండో సంవత్సరంలో నేను ఉపరితల రసాయన శాస్త్రం అనే పాఠం చదివాను. బొగ్గు మీద వాయువులు అధిశోషణం చెందుతాయని, అది శోషణం కాదని, రెండింటికీ తేడాలు రాయమని ప్రశ్న వచ్చేది. ఆ అధిశోషణమే ఇక్కడ అసలు కథ నడిపిస్తుంది.

ఒక ప్లాస్టిక్ ముక్కను రక్తంలో గాని, కణాలు పెంచే ద్రవంలో గాని వేస్తే దాని దగ్గరికి ముందుగా చేరేది కణం కాదు. కొన్ని సెకన్లలోనే ప్రోటీన్లు వచ్చి దాని మీద కూర్చుంటాయి. తర్వాత తీరిగ్గా వచ్చే కణానికి తగిలేది ప్లాస్టిక్ కాదు, ఆ ప్రోటీన్ల పొర. ఫైబ్రోనెక్టిన్, విట్రోనెక్టిన్ వంటి ప్రోటీన్లు సరైన తీరులో కూర్చుంటే కణం వాటిని పట్టుకుంటుంది. కణత్వచంలో ఇంటెగ్రిన్లు అనే ప్రోటీన్లు ఉంటాయి. అవే కణానికి చేతులు. ఆ చేయి పట్టుకునే పిడి ఏమిటో 1984లో పియర్ష్‌బేకర్, రుయోస్లాటి అనే శాస్త్రవేత్తలు తేల్చారు. ఫైబ్రోనెక్టిన్ చాలా పెద్ద ప్రోటీన్. అందులో ఆర్జినిన్, గ్లైసిన్, ఆస్పార్టిక్ ఆమ్లం అనే మూడు అమైనో ఆమ్లాలు వరసగా వచ్చే చిన్న భాగమే కణం గుర్తుపట్టే పిడి.

మా నాన్న ఇళ్లకు సున్నాలు, రంగులు వేస్తారు. గోడ మీద రంగు నిలిచేది పైన వేసే డబ్బా ధరను బట్టి కాదు, కింద లప్పం ఎలా పట్టింది, ప్రైమర్ ఎలా ఆరింది అనేదాన్ని బట్టి అంటారాయన. ఈ ప్రోటీన్ల పొర కూడా అంతే. కణానికి అది ప్రైమర్. పైన వచ్చేది నిలుస్తుందా, పెచ్చులూడుతుందా అని నిర్ణయించేది అదే.

కాబట్టి కణాన్ని అదుపు చేయాలంటే ప్రోటీన్‌ను అదుపు చేయాలి. పరిశోధనశాలల్లో కణాలు పెంచే గిన్నెలు పాలిస్టైరీన్‌తో చేస్తారు. పాలిస్టైరీన్ నీటిని దగ్గరికి రానివ్వదు, అంటే జలవిరోధి. మామూలుగా ఉంటే దాని మీద కణాలు సరిగా అతుక్కోవు. అందుకని విద్యుత్తుతో పుట్టించిన ప్లాస్మాకు దాన్ని గురిచేసి, పై పొరలో ఆక్సిజన్ ఉన్న సమూహాలను చేరుస్తారు. అప్పుడు ప్రోటీన్లు సరైన తీరులో కూర్చుంటాయి, కణాలు నిలుస్తాయి. నాడీకణాల వంటివి నిలవాలంటే పాలీలైసిన్ అనే ధనావేశం ఉన్న పాలిమర్ పూస్తారు. కణం పైభాగం మీద రుణావేశం ఉంటుంది కాబట్టి రెండూ దగ్గరవుతాయి.

ఏదీ అతుక్కోకూడదంటే పాలీఇథిలీన్ గ్లైకాల్ వంటి పాలిమర్ పూస్తారు. దాని గొలుసులు నీటిని గట్టిగా పట్టుకుని, ఎప్పుడూ కదులుతూ ఉంటాయి. ప్రోటీన్‌కు కూర్చునే చోటే దొరకదు. ప్రోటీన్ లేకపోతే కణానికి పిడి లేదు. ఇంకా తెలివైన పని ఏమిటంటే, ముందు ఈ 'రావద్దు' అనే పూత వేసి, ఆ గొలుసుల చివర్లో మూడు అమైనో ఆమ్లాల పిడిని మాత్రం అంటించడం. అప్పుడు అడ్డమైన ప్రోటీన్లన్నీ రావు, మనం ఇచ్చిన పిడిని పట్టుకోగలిగిన కణమే వస్తుంది.

సైకిల్ డైనమోతో మొదలైన కథ

ఇదంతా కోట్ల రూపాయల యంత్రాల వ్యవహారం అని, మనకెందుకులే అని అనుకోకండి. ఈ రంగంలో ముఖ్యమైన పాలిమర్ ఒకదాని చరిత్ర చెబుతాను.

చెకోస్లొవేకియాలో ఓటో విఖ్టర్లే అనే రసాయన శాస్త్రవేత్త ఉండేవారు. నీటిని పీల్చుకుని మెత్తగా ఉండే పాలీహెమా అనే పాలిమర్ గురించి ఆయన, డ్రహొస్లావ్ లిమ్ కలిసి 1960లో ప్రకటించారు. దానితో మెత్తటి కాంటాక్ట్ లెన్సులు చేయాలన్నది విఖ్టర్లే ఆలోచన. 1961 క్రిస్మస్ సమయంలో ఆయన తన ఇంట్లోనే, పిల్లలు ఆడుకునే మెకానిక్ సెట్టు ముక్కలతో, సైకిల్ డైనమోతో ఒక చిన్న యంత్రం తయారుచేసి మొదటి లెన్సులు తీశారు. కొన్నేళ్లలో ఆ లెన్సులు ప్రపంచమంతా వ్యాపించాయి.

పదిహేడేళ్ల తర్వాత అదే పాలీహెమాను అమెరికాలో జూడా ఫోక్‌మన్, ఆన్ మోస్కోనా ఇంకో పనికి వాడారు. దాన్ని ఆల్కహాల్‌లో కరిగించి, రకరకాల గాఢతల్లో పల్చన చేసి, కణాలు పెంచే గిన్నెల్లో పోసి ఆరబెట్టారు. గాఢత తక్కువైతే పల్చని పూత, ఎక్కువైతే మందమైన పూత. పూత మందం పెరిగేకొద్దీ గిన్నెకు కణాల పట్టు తగ్గింది. పల్చటి పూత మీద కణాలు చపాతీలా పరుచుకున్నాయి. మందపాటి పూత మీద పట్టు దొరక్క గుండ్రంగా ముడుచుకున్నాయి. గుండ్రంగా ఉన్న మామూలు కణాల్లో కొత్త డీఎన్‌ఏ తయారు కావడం బాగా తగ్గిపోయింది. అంటే కణం ఆకారమే దాని పెరుగుదలను శాసిస్తోంది. 1978లో వచ్చిన ఈ వ్యాసాన్ని ఈ రంగంలోని వాళ్లు ఇప్పటికీ చదువుతారు.

అందులో పూత వరకు జరిగిన పని చూడండి. తూచడం, కరిగించడం, పల్చన చేయడం, ఆరబెట్టడం. మన కాలేజీ ప్రాక్టికల్స్‌లో చేసే పనులే. కాకపోతే పూత వేసినవాళ్లకు కణం అంటే ఏమిటో తెలుసు. కణాన్ని చూసినవాళ్లకు పూత అంటే ఏమిటో తెలుసు. అదీ అసలు పెట్టుబడి.

సున్నం పడిన కన్ను – రెండు జవాబులు

ఇప్పుడు మన ఇళ్లకు దగ్గరగా ఉన్న ఒక సమస్య తీసుకుందాం. సున్నం కంట్లో పడితే ఏమవుతుందో రంగుల పనిచేసే కుటుంబాలకు బాగా తెలుసు. మా నాన్నతో పనికి వెళ్లే ఒక పెద్దాయనకు అలాగే ఒక కంటి చూపు పోయింది. తాంబూలంలో వాడే సున్నం పొట్లాలతో ఆడుకుంటూ కళ్లు పోగొట్టుకున్న పిల్లలూ ఉన్నారు. కంటి నల్లగుడ్డు ముందున్న పారదర్శకమైన పొరను కార్నియా అంటారు. మన పుస్తకాల్లో శుక్లపటలం అని చదివాం. దాని పై కణాలను ఎప్పటికప్పుడు కొత్తగా పుట్టించే మూలకణాలు నల్లగుడ్డు, తెల్లగుడ్డు కలిసే అంచులో ఉంటాయి. సున్నం ఆ అంచును కాల్చేస్తే కార్నియా మసకబారిపోతుంది. ఇంకొకరి కార్నియా తెచ్చి వేసినా, మూలకణాలు లేకపోతే అది నిలవదు. కణాలు పెంచి, వాటిని పొరలాగా కంటి మీదికి చేర్చాలి.

పెంచడం వరకు బాగానే ఉంది. గిన్నెకు అతుక్కున్న కణాలను చెడిపోకుండా తీయడం ఎలా? మామూలుగా ట్రిప్సిన్ అనే ఎంజైమ్ వేస్తారు. అది కణాన్ని గిన్నెకు పట్టి ఉంచిన ప్రోటీన్లతో పాటు కణాల మధ్య ఉన్న బంధాలను కూడా కోసేస్తుంది. పొర కాస్తా విడివిడి కణాలైపోతుంది.

జపాన్‌లోని టోక్యో మహిళా వైద్య విశ్వవిద్యాలయంలో తెరువో ఒకానో బృందం దీనికి ఒక పూత కనిపెట్టింది. దాని పేరు పాలీ ఎన్-ఐసోప్రొపైల్ ఎక్రిలమైడ్. 32 డిగ్రీల సెల్సియస్ దీనికి గీత లాంటిది. దానికి పైన, అంటే కణాలు పెరిగే 37 డిగ్రీల వద్ద, ఈ పాలిమర్ నీటిని వదిలేసి ముడుచుకుంటుంది. కణాలు దాని మీద హాయిగా అతుక్కుని పెరుగుతాయి. గిన్నెను 20 డిగ్రీలకు చల్లబరిస్తే పాలిమర్ నీళ్లు పీల్చుకుని ఉబ్బుతుంది. కణాలు పట్టు వదిలేస్తాయి. కత్తీ లేదు, ఎంజైమూ లేదు, పొర మొత్తం చెక్కుచెదరకుండా పైకి వస్తుంది. అడుగున ఉన్న ప్రోటీన్లు కూడా దానితోనే వస్తాయి కాబట్టి కుట్లు లేకుండా కంటికి అతుక్కుంటుంది. 2004లో జపాన్ వైద్యులు రోగుల నోటి లోపలి చర్మ కణాలను ఇలా పొరగా పెంచి నలుగురికి కంటి మీద అమర్చిన ఫలితాలు ప్రకటించారు. ఈ పూత మందం 20 నానోమీటర్ల దగ్గర ఉంటేనే పని జరుగుతుంది. 30 నానోమీటర్లు దాటితే కణాలు అసలు అతుక్కోవు. వెంట్రుక మందంలో కొన్ని వేల వంతుల్లో ఒక వంతు తేడాతో కణం ఉండాలా, పోవాలా అనేది తేలిపోతుంది.

ఇదే సమస్యకు మన హైదరాబాద్‌లో ఇంకో జవాబు దొరికింది. 1987లో మొదలైన ఎల్.వి. ప్రసాద్ నేత్ర విజ్ఞాన సంస్థలో పాలిమర్ పూతకు బదులు ఉమ్మనీటి సంచి పొరను వాడారు. కాన్పులో మాయతో పాటు బయటికి వచ్చే ఈ పొర మీద కణం పట్టుకోవడానికి కావలసిన ప్రోటీన్లన్నీ ప్రకృతే పరిచి ఉంచింది. తల్లి అనుమతితో తీసుకుని, పరీక్షలు చేసి, శుభ్రపరిచి వాడతారు. రోగి బాగున్న కంటి అంచు నుంచి చిన్న ముక్క తీసి, ఆ పొర మీద కణాలు పెంచి, పొరతో సహా కంటి మీద అమర్చారు. ఇక్కడ కణాలను ఊడదీయాల్సిన అవసరమే రాలేదు. పదేళ్లలో 200 మందికి చేసిన ఇలాంటి చికిత్సల ఫలితాలను 2011లో ప్రచురించారు.

అంతటితో ఆగలేదు. 2012లో అక్కడి డాక్టర్ వీరేందర్ సంగ్వాన్ బృందం ఇంకా సులువైన పద్ధతి ప్రకటించింది. రెండు మిల్లీమీటర్ల ముక్కను చిన్న చిన్న తునకలు చేసి, దెబ్బతిన్న కంటి మీద ఉమ్మనీటి పొర పరిచి, దాని మీద ఆ తునకలను జిగురుతో అంటిస్తారు. కణాలు ప్రయోగశాలలో కాకుండా కంటి మీదే పెరుగుతాయి. ఖరీదైన ల్యాబ్ అక్కర్లేదు.

ఇందులో ఎవరు గొప్ప అన్న పోటీ లేదు. హైదరాబాద్ పద్ధతులకు ఒక కన్నులోనైనా మంచి అంచు మిగిలి ఉండాలి. రెండు కళ్లూ పోయినవాళ్లకు జపాన్ వాళ్లలాగా నోటి కణాలు వాడటం ఒక దారి. నేను చెప్పదలచుకున్నది వేరు. కణానికి కావలసింది ప్లాస్టిక్కూ కాదు, పూతా కాదు, పట్టుకునే పిడి అని అర్థమైనవాళ్లకే "ఈ పిడి తక్కువ ఖర్చులో ఎక్కడ దొరుకుతుంది" అనే ప్రశ్న తడుతుంది. రెండు వైపులా తెలిసినవాళ్లే చౌకైన దారి వెతకగలరు. ఒక వైపే తెలిసినవాళ్లు ఎవరో తయారు చేసింది కొనుక్కోవాల్సిందే.

కొనుక్కోవడం అంటే ఏమిటో స్టెంటును అడగండి

మన ఊళ్లలో గుండెకు స్టెంటు వేయించుకున్నవాళ్లు ఇప్పుడు చాలామందే కనిపిస్తారు. 2007లో ఆరోగ్యశ్రీ మొదలయ్యాక కూలీ చేసుకునేవాళ్లకు కూడా ఆ చికిత్స అందింది. స్టెంటు అంటే చిన్న లోహపు జాలీ గొట్టం. మొదట్లో వట్టి లోహంతోనే చేసేవారు. కొందరిలో రక్తనాళపు గోడలోని కండర కణాలు ఆ జాలీ మీదుగా అతిగా పెరిగి దారి మళ్లీ మూసుకుపోయేది. అందుకని లోహం మీద పాలిమర్ పూత వేసి, ఆ పూతలో మందు నింపారు. మందు మెల్లగా విడుదలై కండర కణాలను అదుపు చేస్తుంది. అమెరికాలో ఇలాంటి మొదటి స్టెంటుకు 2003లో అనుమతి వచ్చింది. మళ్లీ మూసుకుపోవడం బాగా తగ్గింది.

కానీ 2006 నాటికి ఇంకో భయం బయటపడింది. ఆ మందు కండర కణాలతో పాటు రక్తనాళపు లోపలి పొర కణాలను కూడా ఆపుతుంది. ఆ కణాలు వచ్చి లోహాన్ని కప్పితేనే రక్తం గడ్డకట్టకుండా ఉంటుంది. మందు అయిపోయాక కూడా మిగిలిపోయే పూత కొందరిలో వాపు తెస్తుంది. అందుకే కొందరిలో చాలాకాలం తర్వాత గడ్డలు ఏర్పడ్డాయి, అందుకే రక్తం పల్చబడే మాత్రలు ఎక్కువ కాలం వాడాల్సి వచ్చింది. తర్వాత మందు అయిపోయాక తానూ కరిగిపోయే పాలిమర్లు వచ్చాయి. ఒక కణాన్ని రమ్మని, ఇంకో కణాన్ని వద్దని ఒకే పూత చేత చెప్పించడం ఎంత కష్టమో దీన్నిబట్టి తెలుస్తుంది.

ధర సంగతీ చూడండి. ఫిబ్రవరి 2017లో జాతీయ ఔషధ ధరల సంస్థ వట్టి లోహపు స్టెంటుకు 7,260 రూపాయలు, మందు పూత ఉన్నదానికి 29,600 రూపాయలు గరిష్ఠ ధరగా నిర్ణయించింది. అంతకుముందు వీటి ధరలు ఇంకా చాలా ఎక్కువగా ఉండేవి. ఆ రోజు పెట్టిన రెండు ధరల మధ్య తేడా 22 వేల పైచిలుకు. అందులో ఎక్కువ భాగం మందుకు, పూతకు, దాని వెనకున్న పరిజ్ఞానానికి కట్టే వెల. "మనలాంటివాళ్లకు ఈ పూతల గొడవ ఎందుకు, ముందు ఉద్యోగం చూసుకోవాలి గాని" అనేవాళ్లకు నా సమాధానం ఇదే. ఈ పూతలు మన అమ్మానాన్నల ఒంట్లోకే వెళ్తున్నాయి. వాటిని తయారుచేసే చోట, ఎంచే చోట, ధర అడిగే చోట మనవాళ్లు ఉండొద్దా?

గోడ ఎక్కడుంది?

నేను చదివినప్పుడు ఇంటర్ కెమిస్ట్రీలో పాలిమర్ల పాఠం ఉండేది. నైలాన్, బేకలైట్, టెఫ్లాన్ తయారీ సమీకరణాలు రాస్తే మార్కులు వచ్చేవి. బైపీసీ వాళ్లకు కణత్వచం పాఠం ఉంది. బొమ్మ వేసి భాగాలు గుర్తిస్తే మార్కులు వస్తాయి. ఈ పాలిమరూ ఆ కణత్వచమూ ఒకచోట కలుసుకుంటాయని, అక్కడే ఇంత వైద్యం ఉందని నేను చదివిన ఏ పాఠమూ చెప్పలేదు. ఎంపీసీ వాళ్లకు కణం అంటే పదో తరగతితో సరి. బైపీసీ వాళ్లకు ఫిజికల్ కెమిస్ట్రీ అంటే భయం.

ఉన్నవాళ్ల పిల్లలకు ఈ గోడ అంత ఎత్తుగా ఉండదు. ఇంట్లో ఒక డాక్టరో, ఇంజనీరో ఉంటారు. అన్నం తినేటప్పుడు రెండో వైపు సంగతులు చెవిన పడతాయి. మనకు పుస్తకంలో ఉన్నదే చదువు, సార్ చెప్పిందే లోకం. గోడకు అటువైపు ఏముందో చెప్పే మనిషి ఇంట్లో ఉండరు. అందుకే ఈ గోడ మనకే ఎక్కువ నష్టం అన్నాను.

పరీక్షలు పెట్టేవాళ్లకూ ఇది కొంత తెలుసు. గేట్‌లో లైఫ్ సైన్సెస్ పేపర్ రాసేవాళ్లకు కెమిస్ట్రీ సెక్షన్ తప్పనిసరి. బయోమెడికల్ ఇంజనీరింగ్‌కు వేరే పేపరే ఉంది. సీఎస్‌ఐఆర్ నెట్‌లో మాత్రం కెమికల్ సైన్సెస్, లైఫ్ సైన్సెస్ వేర్వేరు. కానీ జేఆర్ఎఫ్ తెచ్చుకుని ల్యాబ్‌లో అడుగుపెట్టాక ఎవరూ "నువ్వు ఏ గ్రూపు" అని చూడరు, "ఈ పని వచ్చా" అని చూస్తారు. జేఆర్ఎఫ్ 2023 జనవరి నుంచి నెలకు 37,000 రూపాయలైంది. షెడ్యూల్డ్ కులాల విద్యార్థులకు వేరే జాతీయ ఫెలోషిప్ కూడా ఉంది. కాబట్టి పరిశోధన అంటే ఇంట్లో పస్తులుండి చేసే పని అని భయపడనక్కర్లేదు. అందరూ పీహెచ్‌డీలు చేయాలని నేననడం లేదు. నర్సు కావచ్చు, ల్యాబ్ టెక్నీషియన్ కావచ్చు, మందుల కంపెనీలో చేరవచ్చు. ఎక్కడికి వెళ్లినా రెండు వైపులా తెలిసిన మనిషికి విలువ ఎక్కువ.

మన గదిలో ఏముంది?

ఇప్పుడు హాస్టల్ సంగతికి వస్తాను. డిగ్రీలో మా గదిలో ఆరుగురం. నాది ఎంపీసీ, నా పక్క మంచం అమ్మాయిది బీజెడ్‌సీ. ఇంకో ఇద్దరిది బీకాం. రాత్రి లైట్లు ఆర్పాక ఆ అమ్మాయి నాకు కణత్వచం గురించి చెప్పేది, నేను ఆమెకు హైడ్రోజన్ బంధం గురించి చెప్పేదాన్ని. ఎమ్మెస్సీలో పాలిమర్ పూతల గురించి మొదటిసారి సెమినార్ ఇచ్చినప్పుడు నాకు ధైర్యం ఇచ్చింది ఆ రాత్రుల కబుర్లే. యూనివర్సిటీలో కెమిస్ట్రీ ఒక బిల్డింగ్, జువాలజీ ఒక బిల్డింగ్. మధ్యలో రోడ్డు. మన హాస్టల్లో మధ్యలో ఉన్నది ఒక ట్రంకు పెట్టె మాత్రమే. ఇంత సదుపాయం ఇంకెక్కడా లేదు.

అందుకే మూడు పనులు చేయమని అడుగుతున్నాను. ఒకటి, ఆదివారం ఒక గంట స్టడీ హాల్లో గ్రూపులు మార్చి కూర్చోండి. ఎంపీసీ అమ్మాయి బైపీసీ వాళ్లకు ఒక పాఠం చెప్పాలి, బైపీసీ అమ్మాయి ఎంపీసీ వాళ్లకు ఒకటి. ఆర్ట్స్, కామర్స్ చెల్లెళ్లు కూడా రావాలి. స్టెంటు ధర ఎలా పెట్టారో అడగాల్సింది వాళ్లే.

రెండు, మొదటి ఆదివారం ఈ చిన్న ప్రయోగం చేయండి. హాస్టల్ స్టీలు కంచం, నూనె రాసిన కంచం, పాలిథీన్ కవరు, గాజు ముక్క, చేమ ఆకు – ఒక్కోదాని మీద ఒక్కో నీటి చుక్క వేసి పక్క నుంచి ఫోన్‌తో ఫొటో తీయండి. ఎక్కడ చుక్క పరుచుకుంది, ఎక్కడ ముత్యంలా నిలిచింది, ఆ కోణం ఎంత ఉందో కోణమానినితో కొలిచి రాయండి. ఉపరితలాలను పరీక్షించే ల్యాబుల్లో ముందుగా చేసే కొలతల్లో ఇదొకటి. దీనికి పైసా ఖర్చు లేదు.

మూడోది పూర్వ విద్యార్థినులైన అక్కలకు. వార్షికోత్సవానికి మీరు ఫ్యాన్లు ఇస్తున్నారు, ప్లేట్లు ఇస్తున్నారు, మంచిదే. వాటితో పాటు ఏడాదికి ఒక్క ఆదివారం వచ్చి మీ పని గురించి ఒక పాఠం చెప్పండి. నర్సుగా ఉన్న అక్క గొట్టం ఎలా వేస్తారో, ఎందుకు మార్చాలో చెబితే అది ఏ పుస్తకంలోనూ దొరకదు. వార్డెన్ మేడమ్ గారు అనుమతిస్తే, రెండు గ్రూపుల పాత పుస్తకాలూ ఒకే బీరువాలో పెట్టిద్దాం.

పరీక్షల టైములో ఇదంతా కుదురుతుందా అంటారేమో. వారానికి ఉన్న 168 గంటల్లో నేనడిగేది ఒక్క గంట. ఆ గంటలో మార్కులు వస్తాయని నేను చెప్పను. కానీ రేపు మీలో ఒకరు ఏదో ఆస్పత్రిలో, ఏదో ల్యాబ్‌లో, ఏదో ఆఫీసులో కూర్చుని "దీన్ని ఇంతకంటే చౌకగా చేయలేమా" అని అడిగినప్పుడు, ఆ ప్రశ్న మొదలైన చోటు మన స్టడీ హాల్ అవుతుంది. పరీక్షలు దగ్గర పడకముందే మొదలుపెట్టండి. మొదటి ఆదివారం పాఠం చెప్పడానికి నన్ను పిలిస్తే బస్సెక్కి వస్తాను.

– మీ అక్క,
పూర్వ విద్యార్థిని, ఎమ్మెస్సీ కెమిస్ట్రీ